క్రైస్తవ బోధయందు వినయము, అతిథిసేవ
(వార్షిక మహాసభ రెండవనాటి యుదయమున గావించిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నాకీ విషయము నొసగినప్పుడు కొంత సంకోచించితిని. నేను క్రైస్తవుడను గాను. అయినను రెండుమూడు తరములక్రిందట ఆ మతము నవలంబించిన కుటుంబములు మన కులమున పెక్కు గలవు. మా మేనత్తగారి యిల్లు అందొకటి. ఇంటిపే రొకటే, పొలముగట్టొకటే, పండుగలు మాత్రము వేరని మా నాయనగారు హాస్యమాడెడివారు. నేను చదివినదియు మిషనువారి కళాశాలలోనే. దినదినమును మొదటిగంట బైబిలు పాఠము. దానికి పరీక్ష లేదు గనుక మేము దానిని తేలికగా చూచితిమి. అరువదియేండ్లు దాటిన పిమ్మట మరల నా గ్రంథమును తెరచితిని. నాడు నిద్రమత్తులో విన్న కథలే నేడు నన్ను నిద్రపోనీయకున్నవి. అందుకు కారణమును చివర మనవి చేసెదను.

యోహాను సువార్త 13వ అధ్యాయమున నొక సంఘటన గలదు. పస్కా పండుగ సమీపింపగా యేసు తన శిష్యులతో రాత్రి భోజనమునకు కూర్చుండెను. ఆ దేశమున జనులు చెప్పులు తొడిగికొని దుమ్ముదారుల నడచి వచ్చువారు. వచ్చినవారి కాళ్ళు కడుగుట యింటిలో నందరికన్న క్రిందివాడైన బానిస చేయు పని. శిష్యులలో నెవ్వరును ఆ పనికి లేచినట్లు లేదు. సరికదా, ఆ భోజనమునొద్దనే తమలో నెవరు గొప్పవారను వివాదము వారిలో పుట్టెనని లూకా వ్రాసియున్నాడు. అట్టి సమయమున గురువు లేచి, పైవస్త్రమును తీసిపెట్టి, తువాలు నడుమున కట్టుకొని, పళ్ళెములో నీరుపోసి, ఒక్కొక్కని కాళ్ళు కడిగి తుడిచెను.

కాళ్ళు కడుగుట మనకు క్రొత్తగాదు. వీథినుండి వచ్చిన చుట్టమునకు చెంబుతో నీళ్ళందించుట మన యిండ్లలో మొన్నమొన్నటివరకు నుండెను. కన్యాదానమున మామగారు అల్లుని పాదములు పళ్ళెములో నుంచి కడుగుట నేటికిని జరుగుచున్నది. అయితే భేదము గమనింపుడు. మనము వరుని విష్ణుస్వరూపునిగా భావించి, మనకంటె పైవానిగా నెంచి కడుగుదుము. అచ్చట పైవాడే క్రిందికి వంగెను. మరియొక విశేషము. ఆ రాత్రియే తన్ను శత్రువుల కప్పగింపనున్న యూదా ఆ పంక్తిలోనే యుండెను. అతడు లేచిపోయినది తరువాత. ఆ సంగతి యేసునకు తెలియునని సువార్తికుడే చెప్పుచున్నాడు. తెలిసియు ఆ పాదములు రెంటిని విడిచిపెట్టలేదు. అతిథిసేవకు షరతు లేదనుటకు ఇంతకుమించిన నిదర్శనము నాకు దొరకలేదు.

పేతురు మాత్రము తన కాళ్ళు కడుగనీయనని పట్టుబట్టెను. మనలో ననేకులు పేతురులే. పెట్టుటకు సిద్ధము, పుచ్చుకొనుటకు నామోషీ. ఒకరి యింట మంచినీళ్ళు త్రాగుటకు వెనుదీయువాడు వినయముచేత వెనుదీయుచున్నాడో, గొప్పచేతనో తన్ను తానే యడుగుకొనవలెను. కడుగనీయనిచో తనతో నతనికి సంబంధమే లేదని గురువు నిష్కర్షగా చెప్పినగాని పేతురు దారికి రాలేదు.

ఈ కార్యమును స్మరించుటకు క్రైస్తవులు ఈస్టరునకు ముందు గురువారమున పాదక్షాళనము చేయుదురు. ఇంగ్లండు రాజులు పూర్వము బీదల కాళ్ళు కడిగెడివారు. రానురాను కడుగుట పోయి వెండినాణెములు పంచుట మాత్రము మిగిలినది. ఆచారముల గతి యంతే. చేతికి తడియంటు భాగము మొదట జారిపోవును. 2013వ సంవత్సరమున పోపు ఫ్రాన్సిసుగారు ఆ గురువారమున పెద్ద దేవాలయమును విడిచి, రోములోని బాలనేరస్థుల చెరసాలకు పోయి, 12 మంది కాళ్ళు కడిగిరి. వారిలో బాలికలును, ముసల్మానులును ఉండిరి. పురుషుల పాదములే కడుగవలెనను నియమము తప్పినదని కొందరు పండితు లాక్షేపించిరి. 2016లో ఆ నియమమే మార్పబడినది.

ఇక పంక్తి సంగతి. లూకా సువార్త 14వ అధ్యాయమున యేసు ఒక పరిసయ్యుని యింట విందునకు పోయెను. పరిసయ్యులనగా ఆచారనిష్ఠ గలవారు. మన శ్రోత్రియులవంటివారని చెప్పవచ్చును. వచ్చినవారందరు ముందు పీఠములకై తొందరపడుచుండుట చూచి, కడపటి చోట కూర్చుండుడని యాయన హితవు చెప్పెను. ఇంతవరకు అది మర్యాదశాస్త్రమే. ఏ పెద్దమనిషియైనను చెప్పును. తరువాత ఆయన తన్ను పిలిచిన గృహస్థునివైపు తిరిగి పలికిన పలుకు మాత్రము అట్టిది గాదు. విందు చేసినప్పుడు స్నేహితులను, అన్నదమ్ములను, ధనికులైన ఇరుగుపొరుగువారిని పిలువవలదనెను. వారు తిరిగి పిలుతురు, లెక్క చెల్లిపోవును. బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువవలెను. వారికి బదులు తీర్చు శక్తి లేదు గనుక.

మన పెండ్లిండ్లలో కట్నములు చదివించునప్పుడు వ్రాయు పుస్తకము మీరందరెరిగినదే. ఎవరు ఎంత చదివించిరో, ఆ యింట శుభకార్యమైనప్పుడు మనమెంత చదివింపవలెనో దానిని చూచియే నిర్ణయింతుము. నా పెట్టెలో నలుబదియేండ్లనాటి పుస్తకము నేటికిని భద్రముగా నున్నది. దానిని నేను నిందింపను. బంధుత్వము నిలుచుట కదియు నొక దారమే. కాని దానికి అతిథిసేవయను పేరు చెల్లదని యా గృహస్థునితో పలికిన మాటకు తాత్పర్యము.

సహపంక్తి విషయమున క్రైస్తవసంఘము మొదటినుండియు కలహించుకొనినదని మనలో చాలమందికి తెలియదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు అంతియొకయలో జరిగిన సంగతిని దాచక తెలుపుచున్నాడు. పేతురు ఆ పట్టణమున యూదులు కానివారితో కలిసి భుజించుచుండెను. ఇంతలో యెరూషలేమునుండి కొందరు వచ్చిరి. వారికి జంకి పేతురు మెల్లగా ఆ పంక్తినుండి లేచి ప్రక్కకు పోయెను. తక్కిన యూదులును అతనినే యనుసరించిరి. పౌలు అందరియెదుట పేతురును ముఖాముఖిగా నిలదీసెను. నాటి రాత్రి పాదములు కడిగించుకొన్న పేతురే యీ పేతురు! అతని భయము నాకు బాగుగా తెలియును. అది దేవుని భయము గాదు. ఊరినుండి వచ్చిన చుట్టాల భయము.

కొరింథులో వేరువిధమైన చిక్కు. అచ్చటి సంఘమువారు ప్రభువు భోజనమునకు ఒక యింట కూడెడివారు. ధనికులు ముందుగా వచ్చి తాము తెచ్చుకొన్నది తిని త్రాగి మత్తిల్లగా, పనిపాటలు చేసికొని ప్రొద్దుపోయి వచ్చువారు ఆకలితో నిలుచుచుండిరి. రోమనుల యిండ్లలో భోజనపుగదియందు మూడు పాన్పులు వేసి సామాన్యముగా తొమ్మండుగురు నొరగి తినెడి యేర్పాటు, మిగిలినవారు ముంగిట. ఒక్క విందులోనే మనుష్యుని బట్టి భోజనము మారుట యా కాలమున వాడుక. క్రైస్తవుడు గాని ప్లినీయను రోమను పెద్దమనిషి యొక జాబులో అట్టి విందునుగూర్చి వ్రాసెను. ఆ గృహస్థు తనకొక ద్రాక్షారసము, చిన్న స్నేహితులకొకటి, విముక్తులైన బానిసలకు మరొకటి పోయించెనట. నీవేమి చేయుదువని యడిగినవానికి, నా పంక్తిలో నందరికి నొకటే, విముక్తులు నేను త్రాగునది త్రాగరు, వారు త్రాగునదే నేను త్రాగుదునను భావముతో ప్లినీ బదులిచ్చెను. మంచిమాట యే మతస్థుడు చెప్పినను మంచిమాటయే. పౌలు ఖర్చు లెక్క జోలికి పోలేదు. పేదలను సిగ్గుపరచుచు మీరు తినునది ప్రభువు భోజనమే కాదని కొరింథువారిని మందలించి, ఒకరికొర కొకరు వేచియుండుడని యాజ్ఞాపించెను.

ఇది చదివినప్పుడు మా యింటి చూరు నాకు జ్ఞప్తికి వచ్చినది. నా చిన్నతనమున మా పెరటివైపు చూరున నొక సత్తులోటా వ్రేలాడుచుండెడిది. పొలమున మాకు పనిచేయువారిలో కొందరికి మజ్జిగ దానిలోనే పోసెడివారు. తాగినవారే దానిని కడిగి మరల చూరున తగిలించిపోవలెను. మా నాయనమ్మ చేయి మెత్తనిది. వచ్చినవానిని వట్టికడుపుతో పంపి యెరుగదు. అయినను ఆ లోటాను లోపలికి రానిచ్చి యెరుగదు. ఆమె పెట్టినది అన్నమే. ఆ లోటా పెట్టినదేమో యిన్నాళ్ళకు నాకు తెలియవచ్చినది. క్రైస్తవులైన మా మేనత్తగారి యింటను అట్టిది మరియొకటి యుండెననుటను కూడ చెప్పనిచో పక్షపాత మగును. మతము మారినంతమాత్రమున చూరు మారదు. తెలుగుదేశమున క్రైస్తవుల వివాహసంబంధములలో కులము నేటికిని తొలగలేదని వారే యొప్పుకొందురు.

షరతులేని యాతిథ్యమనగా వినుట కింపుగానే యుండును, జరుగునది కాదందురు. జరిగిన కాలములు గలవు. 361 మొదలు 363 వరకు రోమును పాలించిన జూలియను చక్రవర్తి క్రైస్తవమును విడిచి ప్రాచీన దేవతల యారాధనను పునరుద్ధరింప గోరినవాడు. అతడు గలతీయ ప్రాంతపు ప్రధానార్చకునకు వ్రాసిన లేఖలో, ఆ క్రైస్తవులు తమ బీదలనేగాక మన బీదలనుగూడ పోషించుచున్నారు, మనకిది సిగ్గుచేటని వాపోయి, పట్టణపట్టణమున పరదేశులకు సత్రములు కట్టింపుడని చెప్పి, ధాన్యమును ద్రాక్షారసమును కేటాయించెను. శత్రువు వ్రాసిన యోగ్యతాపత్రము గనుక నాకు దీనియందు నమ్మకము హెచ్చు. అదే శతాబ్దమున కప్పదొకియలోని కైసరియ పట్టణపు బిషపైన బాసిలు, ఊరివెలుపల బాటసారులకును, బీదలకును, రోగులకును ఆశ్రయముగా నొక పేటనే నిర్మించెను. కుష్ఠరోగులను దగ్గరకు తీసి యాతడు ముద్దిడెడివాడని యతని మిత్రుడు గ్రెగొరి తన చరమోపన్యాసమున సాక్ష్యమిచ్చెను.

మోసగాండ్రు రారా యని మీరడుగుదురు. వత్తురు. ఆ కాలముననే వచ్చిరి. అపొస్తలుల బోధయను పేర నొక చిన్న ప్రాచీనగ్రంథము 1873లో కాన్‌స్టాంటినోపులున దొరకి, 1883లో అచ్చుపడినది. దానిలో అతిథులనుగూర్చి నియమములు గలవు. వచ్చినవానిని చేర్చుకొనవలెను. బాటసారియైనచో రెండు, మూడు దినములుండవచ్చును. స్థిరపడదలచెనా, పనిచేసి తినవలెను. ప్రవక్తనని చెప్పుకొనుచు డబ్బడిగినవాడు కపటి. ఎంత లోకజ్ఞానమో చూడుడు! అయితే వరుస గమనింపుడు: మొదట చేర్చుకొనుట, పరీక్ష తరువాత. మనము పరీక్ష ముగిసినగాని తలుపు తీయము.

ఈ వరుసను శాసనముగా పెట్టినవాడు 6వ శతాబ్దమున ఇటలీలోని మోంటే కాసినో కొండమీద మఠము స్థాపించిన బెనెడిక్టు. ఆయన రచించిన మఠనియమావళి 73 చిన్న అధ్యాయముల గ్రంథము. 7వ అధ్యాయము వినయమునుగూర్చినది. దానికి 12 మెట్లు చెప్పెను. 53వది అతిథులనుగూర్చినది. మొదటిదాని కాచరణరూపము రెండవదియని నాకు తోచును. వచ్చినవారినందరిని క్రీస్తునే చేర్చుకొన్నట్లు చేర్చుకొనవలెను. వచ్చునప్పుడును, పోవునప్పుడును వారికి తలవంచియో, సాష్టాంగపడియో నమస్కరింపవలెను. మఠాధిపతి స్వయముగా వారి చేతులమీద నీళ్ళు పోయవలెను. అధిపతియు తక్కిన సన్న్యాసులును కలిసి అతిథులందరి పాదములు కడుగవలెను. అతిథికొరకు అధిపతి తన యుపవాసమును విడువవలెను. మఠవాసులు మాత్రము తమ యుపవాసమును సాగింతురు. వేళకాని వేళ వచ్చువారివలన మఠమున కలత కలుగకుండ, అధిపతికిని అతిథులకును వంటశాల వేరుగా నుండును. ఇట్టి చిల్లరసంగతులుగూడ వ్రాయుటవలననే యిది పుస్తకధర్మము గాక వాడుకధర్మ మైనది. బీదలయెడలను, యాత్రికులయెడలను ఎక్కువ శ్రద్ధ వహింపుడని ప్రత్యేకముగా విధించెను. ధనికులమాటకు విధియక్కరలేదు, వారనిన గలుగు భయమే వారికి మర్యాద సంపాదించిపెట్టునని యొక చురకకూడ వేసెను.

66వ అధ్యాయము ద్వారపాలకునిగూర్చినది. ఆ పనికి కుర్రవానిని పెట్టరాదు. తెలివిగల వృద్ధుడు తగును. అతని గది ద్వారముప్రక్కనే యుండవలెను. ఎవరైనను తలుపు తట్టినను, బీదవాడు కేకవేసినను, వెంటనే దేవునికి వందనమని బదులు పలుకవలెను. వచ్చినవాడెవడో యింకను తెలియదు. దొంగయో, దొరయో, రోగియో తెలియదు. వందనము మాత్రము ముందు.

అతిథిని దైవముగా జూడుమని తైత్తిరీయమున మనవారును చెప్పిరి. గోదావరిసీమ లంకలగన్నవరమున 1909లో పరమపదించిన డొక్కా సీతమ్మగారు వేళయనక, జాతియనక అన్నము పెట్టిన యిల్లాలు. కావున ఈ ధర్మము పరదేశపుదని యెవరును తలంపనక్కరలేదు.

మన సీమకే సంబంధించిన క్రైస్తవకథ యొకటి చెప్పి నా విషయమునకు వచ్చెదను. 1866లో జాన్ క్లౌ యను అమెరికను బాప్టిస్టు మిషనరీ ఒంగోలున కాపురము పెట్టెను. తాళ్ళకొండపాడు గ్రామస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగకులస్థుడు ఆ మతమున చేరి, తనవారిని వెంటబెట్టుకొని రాసాగెను. అగ్రకులములవారు, ఆ జనమును చేర్చుకొన్నచో మేము మీ దరికి రాజాలమని దొరతో స్పష్టముగా చెప్పిరి. ఆయనయు, ఆయన భార్యయు ఆలోచించి, వచ్చినవారికి తలుపు మూయమని నిశ్చయించుకొనిరి. పెద్దకులములవారి బాలురు ఆయన పాఠశాలను విడిచిపోయిరి. తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు. క్లౌ బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టు పట్టి, క్షామపీడితులకు కూలి దొరకునట్లు చేసెను. క్రైస్తవులు గానివారును వేలకొలది వచ్చిరి. నేను ముఖ్యముగా చెప్పదలచిన దిది: ఆ కరవుకాలమున సుమారు 15 మాసములు ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. అడిగినవారికిని ఈయలేదు. అన్నమునకును విశ్వాసమునకును ముడివేయరాదని యాయన తలంపు. కరవు తీరి, సహాయము నిలిచినపిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ మతాంతరములనుగూర్చి యెవరి యభిప్రాయము వారికుండవచ్చును. ఆ 15 మాసముల నిగ్రహమునకు మాత్రము నేను చేతులు జోడింతును. తన మతప్రచారమే వృత్తిగా గలవాడు, చేతికందిన ఫలమును ఆకలిగొన్నవానినుండి కోయనొల్లకుండెను.

ఇక నా విషయము. మన విద్యార్థి వసతిగృహపు నిబంధనలు వ్రాసినవారిలో నేనొకడను. మన కులస్థులకు దక్క నితరులకు ప్రవేశము లేదను వాక్యము నా చేతివ్రాతయే. కొన్ని సంవత్సరముల క్రిందట, గాలివాన వేసిన యొక కార్తికమాసపు రాత్రి, మరునాటి పరీక్షకై పొరుగుజిల్లానుండి వచ్చిన యొక కుర్రవాడు మన తలుపు తట్టెను. బస్సులు నిలిచిపోయినవి. తలుపు తీసిన యుద్యోగి అడిగిన మొదటిప్రశ్న, మీరెవరు? ఆ ప్రశ్నకు మన సీమలో నర్థమేమో మీకందరికి తెలియును. పిల్లవాడు నిజమే చెప్పెను. ఉద్యోగి నిబంధన చూపెను. అతనిని నేను తప్పుపట్టను. తలుపు మూసినది నా చేతివ్రాత.

తెల్లవారి నేను పోవుసరికి ఆ కుర్రవాడు మన మెట్లమీద, దాతల పేర్లు చెక్కిన రాతిపలకక్రింద, పుస్తకముల సంచి తడియకుండ కడుపున పొదువుకొని కూర్చుండియుండెను. నన్ను చూచి దిగ్గున లేచి, అడుగకుండ మీ యరుగుమీద తల దాచుకొంటిని, క్షమింపుడని చేతులు జోడించెను. మా నియమావళిలో లేని వినయము ఆ మెట్లమీద నిలిచియుండెను. కాఫీ త్రాగిపొమ్మంటిని. పరీక్షకు వేళమించినదని పోయెను. అతని పేరైనను నేనడుగలేదు.

పోషకులలో కొందరు, మన సొమ్ము మనవారికే గదా యనవచ్చును. ఆ మాట నేనును పెక్కుమార్లంటిని. కాని యీ గృహము మన పెద్దలేల కట్టిరో స్మరింపుడు. ఆనాడు పట్టణమునకు చదువుకొన వచ్చిన మన పిల్లలకు ఏ పూటకూళ్ళయింటను లోపల విస్తరి వేయలేదు. మెట్లమీద కూర్చుండినవారి సంతానమే మనము. ఆ పలకమీద పేర్లున్నవారిలో ఇద్దరు అట్లు కూర్చుండినవారేనని మా నాయనగారు చెప్పగా వింటిని.

ఈ మధ్యాహ్నము మూడుగంటలకు జరుగు కార్యనిర్ణయసభలో నేనొక తీర్మానము ప్రవేశపెట్టుచున్నాను. వసతిగృహమున వీథివైపునగల రెండు గదులను, ఏ వేళ నెవరు వచ్చి తలుపు తట్టినను, కులమతము లడుగక మూడు రాత్రులవరకు వారికీయవలెను. భోజనము వేరుగా గాక, విద్యార్థుల పంక్తిలోనే, ఆ పాత్రలలోనే పెట్టవలెను. రాత్రివేళ ద్వారమునొద్ద జీతగాడగు కుర్రవానికి బదులు మనలో నుద్యోగవిరమణ చేసిన పెద్దలు వంతులవారీగా పండుకొనవలెను. మొదటిమాసము వంతు నాది. దీనికగు వ్యయమును రెండేండ్లవరకు నా పింఛనునుండి యిచ్చుట కొప్పుకొని వ్రాసియిచ్చితిని గనుక నిధికి లోటు రాదు. తీర్మానమును బలపరచుట కొకరు కావలయును. మా మేనత్తగారి మనుమడు సిద్ధముగా నున్నాడు గాని, బంధువొకడే బలపరచెనను మాట రాకుండ, పోషకులలో నెవరైన నొకరు లేచి నిలువవలెనని వేడుకొనుచున్నాను.